రంగు వేయకుండా బతికున్న కణాన్ని ఇన్‌ఫ్రారెడ్‌లో చూడటం: ముందు నీటి పొర సంగతి

కణంలో కొవ్వు ఎక్కడుందో చూడాలంటే మామూలుగా ఒక రంగు వేస్తాం. ప్రొటీన్ చూడాలంటే ఇంకో రంగు. ఏ రంగైనా కణానికి పరాయిదే. కొన్ని కణం చచ్చాకే ఎక్కుతాయి, కొన్ని బతికుండగానే ఎక్కి దాని పని తీరును మార్చేస్తాయి. ఇన్‌ఫ్రారెడ్‌కు ఈ గొడవ లేదు. అణువులో ప్రతి బంధానికీ తనదైన ఊగుడు ఉంటుంది, దానికి సరిపడే వెలుగును అది మింగుతుంది. ఏ వెలుగు ఎంత తగ్గిందో చోటుచోటుకూ కొలిస్తే కొవ్వు, ప్రొటీన్, న్యూక్లియిక్ ఆమ్లం, గ్లైకోజెన్ పటాలుగా విడిపోయి కనిపిస్తాయి.

చిక్కంతా నీటితోనే. బతికున్న కణం నీళ్లలోనే ఉండాలి, ఆ నీళ్లేమో ఇన్‌ఫ్రారెడ్‌ను విపరీతంగా మింగుతాయి. పైగా ప్రొటీన్ కనిపించాల్సిన చోటే మింగుతాయి. అందుకే ఈ పని బాగా కుదిరిందా లేదా అన్నది మిషన్ ధర మీద కన్నా, మీరు కట్టిన నీటి పొర ఎంత పలచగా, ఎంత సమంగా ఉంది, దాన్ని ఎంత కచ్చితంగా లెక్కలోంచి తీశారు అన్న దాని మీదే ఆధారపడుతుంది. ఇక్కడ చెబుతున్న పద్ధతి ఎఫ్‌టీఐఆర్ (ఫూరియే ట్రాన్స్‌ఫార్మ్ ఇన్‌ఫ్రారెడ్) మైక్రోస్కోపు కింద, కాల్షియం ఫ్లోరైడ్ విండోల (వెలుగు దాటే పలకల) మధ్య, అంటుకుని పెరిగే కణాలను చూడటానికి. ఉదాహరణకు హీలా కణాలను (ల్యాబుల్లో విరివిగా పెంచే మనిషి క్యాన్సర్ కణాలు) తీసుకుందాం. కణజాలానికీ, లావుపాటి కొవ్వు కణాలకూ దారి వేరు, అది చివర్లో వస్తుంది.

ఇక్కడ 1643, 2850 లాంటి అంకెలన్నీ తరంగ సంఖ్యలు, అంటే సెంటీమీటరు పొడవులో పట్టే అలల లెక్క.

నీటి లెక్క ముందు వేసుకోండి

నీటి అణువు వంగే ఊగుడు 1643 దగ్గర పడుతుంది. 8 మైక్రాన్ల నీటి పొరకు అక్కడ శోషణ సుమారు 0.95 (శోషణ 1 పెరిగినప్పుడల్లా దాటే వెలుగు పదో వంతుకు పడిపోతుంది). అంటే లోపలికి పోయిన వెలుగులో దాదాపు తొమ్మిదో వంతే బయటికి వస్తుంది. అది చాలు, పని జరుగుతుంది. పొర 25 మైక్రాన్లయితే శోషణ 3 చుట్టూ చేరుతుంది, వెయ్యిలో ఒక వంతు వెలుగు మిగులుతుంది. అప్పుడు డిటెక్టర్‌కు అందేది గోలే. అందుకే స్పేసర్ (రెండు విండోల మధ్య సందు ఉంచే పలచని ఉంగరం) మందం 8 మైక్రాన్లు, మహా అయితే 12.

ఇక 3000 నుంచి 3700 దాకా ఉన్న నీటి పట్టీ మీద ఆశ వదులుకోండి. 8 మైక్రాన్లకు కూడా అది పూర్తిగా నల్లగానే ఉంటుంది. దాని అంచున ఉన్న 2800–3000 ప్రాంతం మాత్రం వాడుకోవచ్చు. కొవ్వు గొలుసుల సంకేతం అక్కడే ఉండటం మన అదృష్టం.

ఇప్పుడు అసలు మెలిక. 1643 దగ్గర ఒక మైక్రాన్ నీటికి శోషణ 0.12. నాలుగు మైక్రాన్ల మందంలో పరుచుకున్న కణంలో ఐదో వంతు ప్రొటీన్ ఉందనుకుంటే, దాని అమైడ్-1 (ఈ నీటి పట్టీ మీదే పడే ప్రధాన ప్రొటీన్ పట్టీ) శోషణ సుమారు 0.2 వస్తుంది. అంటే కణమున్న చోటుకూ బ్యాక్‌గ్రౌండ్ (కణం లేని చోట తీసి, తర్వాత లెక్కలోంచి తీసేసే కొలత) తీసిన చోటుకూ నీటి పొర మందంలో ఒకటిన్నర మైక్రాన్ తేడా వస్తే చాలు, మొత్తం ప్రొటీన్ సంకేతమంత తప్పు వచ్చి పడుతుంది. ఇది ఒక చిక్కు. రెండోది, కణం కూర్చున్న చోట అది కొంత నీటిని పక్కకు నెట్టేస్తుంది. అక్కడ నీరు తక్కువ, కణం లేని చోట ఎక్కువ. తీసివేత చేసినప్పుడు ఆ తక్కువైన నీరు అమైడ్-1లో సగం దాకా కోసేస్తుంది. దీన్ని సరిదిద్దకుండా వేసిన ప్రొటీన్ పటం చూడటానికి బాగానే ఉంటుంది, కానీ నిజం చెప్పదు.

విండోలు, స్పేసర్, మాధ్యమం

విండోలకు కాల్షియం ఫ్లోరైడే వాడండి. 25 మిల్లీమీటర్ల వ్యాసం, 1 మిల్లీమీటరు మందం. నీళ్లలో దాదాపు కరగదు, కణాలు దాని మీద బాగానే అంటుకుంటాయి, వక్రీభవన గుణకం 1.4 చుట్టూ ఉండి నీటికి దగ్గరగా ఉంటుంది కాబట్టి నీళ్లు నింపాక అలల చారలు (రెండు విండోల మధ్య వెలుగు అటూ ఇటూ తిరిగి పడటం వల్ల స్పెక్ట్రమ్‌లో వచ్చే అలలు) పెద్దగా రావు. దాని లోటల్లా 1000 కిందికి పోయేకొద్దీ వెలుగును తనే మింగడం. బేరియం ఫ్లోరైడ్ ఇంకా కిందిదాకా చూపిస్తుంది గానీ, నీళ్లలో కాల్షియం ఫ్లోరైడ్ కన్నా వంద రెట్లు ఎక్కువ కరుగుతుంది. కరిగిన బేరియం కణాలకు విషం. ఎండబెట్టిన నమూనాలకు తప్ప దాన్ని ముట్టుకోవద్దు.

పై విండోకు ద్రవం వెళ్లడానికీ రావడానికీ రెండు రంధ్రాలు ఉండాలి. కింది విండో మీద కణాలు పెరుగుతాయి. కాల్షియం ఫ్లోరైడ్ వేడి తేడాలకు పగులుతుంది, కాబట్టి ఆటోక్లేవ్‌లో పెట్టొద్దు. పలుచని డిటర్జెంట్ నీళ్లు, తర్వాత శుద్ధమైన నీళ్లు, తర్వాత 70 శాతం ఇథనాల్, ఆఖర్న హుడ్‌లో అతినీలలోహిత దీపం కింద ఒక్కో వైపు 20 నిమిషాలు. ఆమ్లం తగలనివ్వొద్దు.

స్పేసర్ 8 మైక్రాన్ల టెఫ్లాన్ ఉంగరం, లోపలి వ్యాసం 15 మిల్లీమీటర్లు. టెఫ్లాన్ నొక్కిన కొద్దీ సాగి పలచనవుతుంది. వాడి విప్పిన ఉంగరాన్ని మళ్లీ వాడితే మందం ఎంతుందో చెప్పలేం, కాబట్టి ప్రతిసారీ కొత్తదే వేయండి.

కొలిచేటప్పుడు వాడే మాధ్యమంలో హెపిస్ (పీహెచ్‌ను నిలిపే బఫర్) 20 మిల్లీమోలార్ ఉండాలి, ఎందుకంటే మూసిన ఛాంబర్‌లోకి కార్బన్ డయాక్సైడ్ అందక పీహెచ్ అదుపు తప్పుతుంది. హెపిస్‌కు తన పట్టీలు 1180, 1040 చుట్టూ ఉంటాయి, ఫాస్ఫేట్ బఫర్‌కు 1080 దగ్గర ఉంటుంది. బ్యాక్‌గ్రౌండ్ అదే మాధ్యమంలో తీస్తే రెండూ చాలావరకు రద్దవుతాయి, కానీ బ్యాక్‌గ్రౌండ్‌కు ఒక బఫర్, నమూనాకు ఇంకోటి వాడితే న్యూక్లియిక్ ఆమ్లం పటమంతా బఫర్ పటమే అవుతుంది. సీరమ్ 1 శాతానికి తగ్గించండి, లేదంటే కణం లేని చోట కూడా విండో మీద ప్రొటీన్ పేరుకుంటుంది. 0.2 మైక్రాన్ ఫిల్టర్‌తో వడకట్టి, మూత వదులుగా పెట్టి 37 డిగ్రీల దగ్గర అరగంట ఉంచండి. ఫ్రిజ్‌లోంచి తీసి తిన్నగా ఎక్కించిన మాధ్యమం ఛాంబర్‌లో వేడెక్కగానే గాలి వదులుతుంది. 8 మైక్రాన్ల సందులో ఇరుక్కున్న బుడగను బయటికి తీయడం దాదాపు అసాధ్యం.

కణాలను మధ్యలో చిన్న చుక్కలోనే పెంచండి

విండో అంతా కణాలు పరిచేస్తే ఏమవుతుందో వేళ్ల మీద లెక్కేద్దాం. 15 మిల్లీమీటర్ల ఉంగరంలో 8 మైక్రాన్ల ఎత్తుకు పట్టే ద్రవం 1.4 మైక్రోలీటర్లు, అంటే ఒక్క చిన్న బొట్టు. అందులో కరిగిన ఆక్సిజన్ లీటరుకు 0.2 మిల్లీమోల్ చొప్పున 0.28 నానోమోల్. ఒక్కో కణం నిమిషానికి ఐదు ఫెమ్టోమోల్ (నానోమోల్‌లో పదిలక్షో వంతు ఒక ఫెమ్టోమోల్) వాడుతుందనుకోండి. ఆ మేర 50 వేల కణాలు పరుచుకుని ఉంటే నిమిషానికి 0.25 నానోమోల్ తినేస్తాయి. మూత బిగించిన నిమిషానికల్లా ఆక్సిజన్ ఖాళీ! తర్వాత మీరు గంటసేపు శ్రద్ధగా కొలిచేది ఊపిరాడని కణాలనే. అవి వెంటనే చచ్చిపోవు, చూడటానికి మామూలుగానే ఉంటాయి, గ్లూకోజ్‌ను వేరే దారిలో కాల్చుకుంటూ లాక్టేట్ వదులుతాయి. జీవక్రియ గురించి ప్రశ్న వేసే ప్రయోగానికి ఇంతకన్నా అన్యాయం లేదు.

అందుకే మిల్లీలీటరుకు 2 లక్షల కణాలున్న ద్రవంలోంచి 10 మైక్రోలీటర్లు తీసి, విండో నడిమధ్యన ఒకే చుక్కగా పెట్టండి. అందులో 2 వేల కణాలుంటాయి. డిష్‌లో తడి టిష్యూ ముక్క పెట్టి మూతేసి ఇంక్యుబేటర్‌లో 40 నిమిషాలు ఉంచితే అంటుకుంటాయి. ఆ తర్వాతే 2 మిల్లీలీటర్ల మాధ్యమం డిష్ అంచు నుంచి మెల్లగా పోయండి. మర్నాటికి సుమారు 4 వేల కణాలు 4–5 మిల్లీమీటర్ల మచ్చలో, మధ్యమధ్య ఖాళీలతో ఉంటాయి. ఆ ఖాళీలు కావాల్సినవే. బ్యాక్‌గ్రౌండ్ అక్కడే తీస్తాం.

అంటుకోవడానికి పాలీలైసిన్ పూయాలనిపిస్తే, దానికీ అమైడ్ పట్టీలున్నాయని గుర్తుంచుకోండి. పూస్తే విండో అంతా ఒకేలా పూయండి.

ఛాంబర్ మూయడం

ముందు ఖాళీ ఛాంబర్‌ను ఒకసారి బిగించి మందం కొలవండి. కణాలు లేకుండా, ద్రవం లేకుండా స్పెక్ట్రమ్ తీస్తే విండోల మధ్య గాలి పొర వల్ల అలల చారలు కనిపిస్తాయి. రెండు శిఖరాల మధ్య దూరం 625 వస్తే మందం సరిగ్గా 8 మైక్రాన్లు. 1ని ఆ దూరానికి రెట్టింపుతో భాగిస్తే సెంటీమీటర్లలో మందం వస్తుంది. మధ్యలోనూ నాలుగు అంచుల్లోనూ తీసి చూడండి. అర మైక్రాన్ కన్నా ఎక్కువ తేడా ఉంటే విప్పి మళ్లీ బిగించండి. దీపం వెలుగులో విండో మీద రంగు రంగుల వలయాలు కనిపిస్తాయి కదా, అవి ఒక వైపుకు దగ్గరగా గుమిగూడి ఉంటే పొర ఏటవాలుగా ఉన్నట్టే. అక్కడ చాలావరకు స్పేసర్ కింద నూలు పోగో, ధూళి రేణువో ఉంటుంది.

కణాలున్న విండోను మాధ్యమంలోంచి తీసి, వెనక వైపు పూర్తిగా తుడవండి. పై వైపు ఉంగరం కూర్చునే అంచును మాత్రమే టిష్యూ మొనతో ఆరబెట్టండి. మధ్యలో చుక్క తడిగానే ఉండాలి. స్పేసర్ పెట్టి, కణాల మీద 5 మైక్రోలీటర్ల మాధ్యమం వేయండి. పట్టేది 1.4 మైక్రోలీటర్లే అయినా మిగతాది గాలిని తోసుకుంటూ బయటికి పోవడానికి కావాలి. పై విండోను ఒక అంచు ముందు ఆనించి, పుస్తకం మూసినట్టు మెల్లగా దించండి. మరలను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా, వేళ్లతోనే బిగించండి. మొత్తం 30 సెకన్లలో అయిపోవాలి, ఆ పలచని తడి ఆరడానికి అంతకన్నా ఎక్కువ సేపు పట్టదు. కణాలు లేని విండోతో నాలుగైదు సార్లు అలవాటు చేసుకున్నాకే అసలు నమూనా మీద చెయ్యి పెట్టండి.

ఉంగరం అంచుకు వ్యాజలీన్ రాసే అలవాటు కొందరికి ఉంది. తప్పనిసరైతే బయటి అంచుకే, కనపడీ కనపడనంత రాయండి. లోపలికి పాకిన వ్యాజలీన్ 2850, 2920 దగ్గర అచ్చం కొవ్వు బిందువులా మెరుస్తుంది. తేడా పట్టే గుర్తు ఒక్కటే. కణంలోని కొవ్వుకు 1740 దగ్గర ఎస్టర్ శిఖరం ఉంటుంది, వ్యాజలీన్‌కు ఉండదు.

ప్రవాహం నిమిషానికి 1 మైక్రోలీటరు చాలు. ఇంత పలచని సందులో ఆ వేగానికే కణాల మీద రాపిడి ఒత్తిడి దాదాపు 0.1 పాస్కల్ వస్తుంది. 10 మైక్రోలీటర్లకు పెంచితే ఒత్తిడీ పదింతలవుతుంది, కణాలు ఊడిరావచ్చు. 1 మైక్రోలీటరు ప్రవాహం నిమిషానికి 0.2 నానోమోల్ ఆక్సిజన్ తెస్తుంది, మన 4 వేల కణాలు వాడేది దానిలో పదో వంతు. సిరంజి పంపు గొట్టాలు పీక్ (ఒక గట్టి ప్లాస్టిక్) రకానివైతే మేలు. సిలికాన్ గొట్టాల నుంచి 1260 దగ్గర సూదిలాంటి శిఖరం వచ్చి చేరుతుంది.

మిషన్, ఫోకస్, బ్యాక్‌గ్రౌండ్

డిటెక్టర్‌లో ద్రవ నైట్రోజన్ పోసి కనీసం అరగంట స్థిరపడనివ్వండి. గాలి ఆడే గదిలోనే పోయండి, కళ్లకు అద్దాలు, చేతికి వదులు తొడుగులు పెట్టుకోండి. మైక్రోస్కోపు వేదిక చుట్టూ పెట్టె కట్టి పొడి గాలి లేదా నైట్రోజన్ పంపండి, ముందు రాత్రి నుంచే. నీటి ఆవిరి 1350 నుంచి 1900 దాకా సన్నని సూదుల వరుసగా కనిపిస్తుంది, అమైడ్ పట్టీలు సరిగ్గా దాని నడుమే ఉన్నాయి. విశాఖ, కాకినాడ లాంటి కోస్తా ఊళ్లలో, అందులోనూ వానాకాలంలో, పెట్టె తలుపు ఒక్కసారి తీస్తే మళ్లీ గంట ఆగాలి. కాబట్టి నమూనా బిగించాక తలుపు తెరవనక్కర లేకుండా గొట్టాలు, వైర్లు ముందే బయటికి తీసి పెట్టుకోండి.

ఛాంబర్ పట్టుకునే హోల్డర్‌ను 37 డిగ్రీల దగ్గర పెట్టి 30 నిమిషాలు ఆగండి. నీటి పట్టీలు వేడితో జరుగుతాయి. బ్యాక్‌గ్రౌండ్ 30 డిగ్రీల దగ్గరా, నమూనా 37 దగ్గరా తీస్తే ఆ తేడా ప్రొటీన్ ఆకారం మారినట్టు కనిపిస్తుంది.

ఫోకస్ విషయంలో చాలామంది కంటిని నమ్మి మోసపోతారు. కాల్షియం ఫ్లోరైడ్ వక్రీభవన గుణకం కంటికి కనిపించే వెలుగుకు 1.43, 6 మైక్రాన్ల ఇన్‌ఫ్రారెడ్‌కు 1.39 లోపు. 1 మిల్లీమీటరు మందం విండో గుండా చూస్తే ఈ తేడా వల్ల ఫోకస్ 20 మైక్రాన్లకు పైగా జరుగుతుంది. కంటికి గీత గీసినట్టు కనిపించే కణం ఇన్‌ఫ్రారెడ్‌లో మసకే. అందుకని కంటితో ఫోకస్ చేశాక వేదికను 5 మైక్రాన్ల చొప్పున పైకీ కిందికీ కదిపి, ప్రతిచోటా తక్కువ స్కాన్లతో 1545 (ప్రొటీన్) పటం వేసి, కణం అంచు ఎక్కడ పదునుగా వచ్చిందో చూసి అక్కడ ఆపండి. ఆబ్జెక్టివ్‌కు విండో మందం సరిచేసే చక్రం ఉంటే దాన్ని 1 మిల్లీమీటరుకు తిప్పడం మరిచిపోవద్దు, కింది కండెన్సర్‌కు కూడా.

ఎంత చిన్నది కనిపిస్తుంది? 0.4 న్యూమరికల్ ఎపర్చర్ (వెలుగును ఎంత వెడల్పు కోణంలో పోగుచేస్తుందో చెప్పే కొలత) ఉన్న ఆబ్జెక్టివ్‌తో 6 మైక్రాన్ల వెలుగులో హద్దు 9 మైక్రాన్ల చుట్టూ ఉంటుంది. పిక్సెల్ 5.5 మైక్రాన్లున్నా సరే, విడివిడిగా తెలిసేది 9 మైక్రాన్లే. హీలా కణంలో కేంద్రకం, చుట్టూ ఉన్న భాగం వేరుగా తెలుస్తాయి. చిన్న కొవ్వు బిందువు ఒక్కటే విడిగా తెలియదు.

బ్యాక్‌గ్రౌండ్ అదే ఛాంబర్‌లో, అదే మాధ్యమంలో, చూడబోయే కణాల పక్కనే ఉన్న ఖాళీలో తీయండి. బయట గాలిలోనో, వేరే ఛాంబర్‌లోనో తీయొద్దు. 64×64 డిటెక్టర్‌కు చూపు మేర దాదాపు 350 మైక్రాన్లు, అంత ఖాళీ ముందే వెతికి పెట్టుకోవాలి. స్పెక్ట్రమ్ రిజల్యూషన్ 8, బ్యాక్‌గ్రౌండ్‌కు 256 స్కాన్లు, నమూనాకు 128. గంటల తరబడి వరుసగా తీస్తుంటే ప్రతి అరగంటకూ బ్యాక్‌గ్రౌండ్ మళ్లీ తీయండి.

నీటిని తిరిగి కలపడం

పైన చెప్పిన నెట్టేసిన నీటి సంగతి ఇక్కడ తేలుతుంది. నీటికి 2125 దగ్గర ఇంకో వెడల్పాటి, బలహీనమైన పట్టీ ఉంది. 8 మైక్రాన్లకు దాని శోషణ సుమారు 0.15. అక్కడ ప్రొటీన్‌కు గానీ కొవ్వుకు గానీ చెప్పుకోదగ్గ పట్టీ లేదు. కాబట్టి తీసివేత అయ్యాక కణం స్పెక్ట్రమ్‌లో 2125 దగ్గర ఒక గుంట కనిపిస్తే, ఆ గుంట లోతే కణం నెట్టేసిన నీటి కొలత.

పద్ధతి ఇలా. మాధ్యమం స్పెక్ట్రమ్‌ను విడిగా ఉంచుకోండి, ఖాళీ ఛాంబర్‌ను బ్యాక్‌గ్రౌండ్‌గా పెట్టి తీసింది. ఖాళీ ఛాంబర్ అలల చారలు ఇందులోకి దిగకుండా సరిచేయండి. కణం ఉన్న ప్రతి పిక్సెల్‌కు ఆ స్పెక్ట్రమ్‌లో కొంత భాగాన్ని కలుపుతూ పోండి, 1900 నుంచి 2300 దాకా గీత చదునయ్యేంత వరకు. ఆ భాగం సాధారణంగా 0.05 నుంచి 0.15 మధ్య ఉంటుంది. ఒక పిక్సెల్‌లో లెక్క చూడండి. 2125 దగ్గర గుంట 0.015. అది 0.15లో పదో వంతు కాబట్టి కలపాల్సింది 0.1 భాగం. అంటే 1643 దగ్గర 0.095 తిరిగి వచ్చి చేరుతుంది. దిద్దకముందు అమైడ్-1 శిఖరం 0.11, అమైడ్-2 (1545 దగ్గరి రెండో ప్రొటీన్ పట్టీ) 0.13 ఉన్నాయనుకోండి. మొదటిది రెండోదానికన్నా తక్కువ ఉందంటేనే ఏదో తేడా ఉన్నట్టు. దిద్దాక అమైడ్-1 0.2 దాటుతుంది, అమైడ్-2 దగ్గర నీరు తక్కువ మింగుతుంది కనుక పెద్దగా మారదు, నిష్పత్తి ఒకటిన్నర దరిదాపులకు వస్తుంది. ప్రొటీన్‌కు ఉండాల్సిన నిష్పత్తి అదే.

ప్రతి పిక్సెల్‌కూ ఈ గుణకం ఎంత వచ్చిందో అదే ఒక పటంగా వేసి చూడండి. కణాల ఆకారం కనిపిస్తే అంతా సవ్యం. ఒక మూల నుంచి ఇంకో మూలకు ఏటవాలుగా మారుతుంటే అది కణాల వల్ల కాదు, ఛాంబర్ ఏటవాలుగా ఉంది. 2125 పట్టీని చూడకుండా కేవలం అమైడ్-1 బాగా కనిపించేదాకా నీటిని సర్దడం మాత్రం చేయొద్దు. అది కొలత కాదు, కోరుకున్న జవాబును గీసుకోవడం.

లెక్కల వరుస కూడా ముఖ్యం. ముందు ఆవిరి సూదులు తీయాలి, తర్వాత నీటిని కలపాలి, ఆ తర్వాతే గోల తగ్గించడం, బేస్‌లైన్ (గీత అడుగును చదును చేయడం), రెండో డెరివేటివ్ (దగ్గరదగ్గర శిఖరాలను విడదీసే లెక్క). బేస్‌లైన్ ముందే సరిచేస్తే 2125 గుంట మాయమైపోయి, దిద్దడానికి ఆధారమే ఉండదు. ఉచితంగా దొరికే క్వాసార్ సాఫ్ట్‌వేర్‌తో ఇదంతా చేసుకోవచ్చు.

పటాలు చదవడం

2850, 2920 కొవ్వు గొలుసులవి, 1740 ఎస్టర్‌ది. ప్రొటీన్ పటానికి అమైడ్-1 కన్నా 1545 దగ్గరి అమైడ్-2 నమ్మకమైనది, నీటి దెబ్బ దానికి తక్కువ. 1235, 1080 ఫాస్ఫేట్‌వి. న్యూక్లియిక్ ఆమ్లాల్లోనూ, పొరల ఫాస్ఫోలిపిడ్లలోనూ ఉంటాయి కాబట్టి ఆ పటం చూసి ఇది డీఎన్‌ఏ అని రాయకండి. 1150, 1025 జంటగా వస్తే గ్లైకోజెన్ అని అనుమానించవచ్చు, అయితే కాల్షియం ఫ్లోరైడ్ అక్కడికి చేరేసరికే మసకబారడం మొదలుపెడుతుంది. కణం మందం చోటుచోటుకూ మారుతుంది కాబట్టి ఒంటరి పట్టీ పటం కన్నా, 2850ని 1545తో భాగించిన నిష్పత్తి పటమే కొవ్వు గురించి సరిగ్గా చెబుతుంది.

తప్పులు ఎలా బయటపడతాయి

1500–1800 మధ్య గీత మీద వెంట్రుకల్లా లేస్తే ఆవిరి. సైన్ అలలా మెలికలు తిరిగితే పొరలో గాలి చేరింది. గుండ్రని నల్ల మచ్చ, దాని అంచు మెరుస్తూ ఉంటే బుడగ. 1210, 1150 దగ్గర రెండు బలమైన శిఖరాలు వచ్చాయంటే టెఫ్లాన్ చూపులోకి వచ్చింది.

అమైడ్-1 పై అంచున, 1700 దగ్గర, గీత ఒక్కసారిగా కిందికి జారి శిఖరం పక్కకు తోసినట్టుంటే అది వెలుగు చెదరడం వల్ల. గుండ్రని కణాలు వెలుగును చెదరగొట్టినప్పుడు శిఖరం చోటే మారుతుంది. ఎండబెట్టిన కణాల్లో ఇది ఘోరంగా ఉంటుంది, నీళ్లలో తగ్గుతుంది, ఎందుకంటే కణానికీ నీటికీ వక్రీభవన తేడా తక్కువ. బతికున్న కణంతో పడే కష్టానికి ఇదొక ప్రతిఫలం. విభజనకు సిద్ధమై గుండ్రంగా లేచిన కణాల్లో మాత్రం ఇక్కడా కనిపిస్తుంది. పైగా అవి 8 మైక్రాన్ల కన్నా ఎత్తు, విండో కింద నలుగుతాయి. విభజనే చూడాలంటే 12 మైక్రాన్ల స్పేసర్ వేసి, 1643 దగ్గర శోషణ 1.4 దాకా వస్తుందని ముందే ఒప్పుకుని స్కాన్లు రెట్టింపు చేయండి.

అన్నిటికన్నా కనిపెట్టాల్సింది కణం చావును. కంటి బొమ్మలో పొర మీద బొబ్బలు లేస్తాయి, స్పెక్ట్రమ్‌లో 1740, 2850 మెల్లగా పెరుగుతాయి. కణాలకు ఏదైనా మందు వేసి చూస్తుంటే, అది మందు ప్రభావం అనుకుని సంబరపడే ముందు, మందు వేయని ఛాంబర్‌లో అదే సమయం తర్వాత ఏం జరిగిందో చూడండి. ఆ జత లేకుండా బతికున్న కణం మీద ఏ ఫలితమూ నిలబడదు.

లావు కణాలు, కణజాలం

కొవ్వుతో నిండిన 3టీ3-ఎల్1 కణాలు (ల్యాబులో కొవ్వు కణాలుగా మారే ఎలుక కణాలు) 20 మైక్రాన్లు దాటి ఉబ్బుతాయి. వాటిని 8 మైక్రాన్ల సందులో పెడితే నలిగిపోతాయి. బతికున్న కణజాలం ముక్క కూడా అంతే. ఇక్కడ వెలుగును దాటించే పద్ధతి పనికిరాదు.

ఒక దారి ఏటీఆర్ (వెలుగు స్ఫటికం లోపలే ప్రతిఫలించే పద్ధతి). స్ఫటికం మీదే కణాలను పెంచి, కింద నుంచి వెలుగు పంపితే, అది స్ఫటికం పైన కొద్ది దూరమే చొరబడుతుంది. వజ్రం, 45 డిగ్రీల కోణం అయితే 6 మైక్రాన్ల వెలుగుకు 1 మైక్రాన్ దాకా, జర్మేనియం అయితే 0.4 మైక్రాన్. పైన ఎంత నీరున్నా ఫర్వాలేదు, మాధ్యమం స్వేచ్ఛగా మార్చుకోవచ్చు. కానీ కనిపించేది కణం అడుగు భాగమే. కణం గట్టిగా అతుక్కుంటే ప్రొటీన్ పెరిగినట్టు, లేచిపోతే తగ్గినట్టు అనిపిస్తుంది.

రెండో దారి ఫోటోథర్మల్. మింగిన ఇన్‌ఫ్రారెడ్ ఆ చోటును కొంచెం వేడెక్కిస్తుంది, ఆ వేడికి మారిన వక్రీభవనాన్ని కంటికి కనిపించే లేజర్‌తో కొలుస్తారు. హద్దు ఇప్పుడు కనిపించే వెలుగుది, అందుకే అర మైక్రాన్ దాకా విడివిడిగా తెలుస్తుంది. జి-షిన్ చెంగ్ బృందం 2016లో బతికున్న కణాల్లో దీన్ని చూపించింది. నీటి వక్రీభవనం వేడికి తక్కువగా మారుతుంది, కొవ్వుది కొన్ని రెట్లు ఎక్కువ మారుతుంది కాబట్టి కొవ్వు బిందువులు నీటి మధ్య స్పష్టంగా నిలబడతాయి. 532 నానోమీటర్ల లేజర్ వాడుతుంటే ఫినాల్ రెడ్ లేని మాధ్యమం తప్పనిసరి, ఆ ఎరుపు లేజర్‌ను మింగి తనే వేడెక్కుతుంది. లేజర్ శక్తి అతి తక్కువ నుంచి మొదలుపెట్టి, ఒకే కణాన్ని రెండుసార్లు తీసి రెండు బొమ్మలూ ఒకేలా ఉన్నాయో లేదో చూసి అప్పుడు పెంచండి.

కణజాలానికీ, లావు కొవ్వు కణాలకూ అనువైనది ఆప్టోఅకౌస్టిక్ పద్ధతి. మింగిన వెలుగు పుట్టించే అల్ట్రాసౌండ్‌ను వినడమే ఇందులో పని. మ్యూనిక్‌లో ప్లెయిటెజ్, ఎన్‌జియాక్రిస్టోస్ బృందం దీన్ని మిరోమ్ అన్న పేరుతో చేసి చూపింది. విడివిడిగా తెలిసే హద్దు 5 మైక్రాన్ల చుట్టూ ఉంటుంది. దాటి వచ్చిన వెలుగులో చిన్న తగ్గుదలను వెతికే బదులు, మింగిన దాన్నే నేరుగా వినడం వల్ల మందం బాధ తగ్గుతుంది. కణజాలం ముక్కను విండోకు గాలి సందు లేకుండా ఆనించాలి, శబ్దం అందుకునే ట్రాన్స్‌డ్యూసర్‌కూ ముక్కకూ మధ్య నీరు ఉండాలి. ఆ నీటిలో బుడగ ఉంటే శబ్దం అక్కడే ఆగిపోతుంది. ఆ వెలుగు కణజాలంలోకి చొరబడే లోతు పదుల మైక్రాన్లే కాబట్టి ముక్కను కోసిన తలమే కనిపిస్తుంది. కత్తి నలిపిన అంచును వదిలి లోపలి భాగాన్ని చూడండి.

ఛాంబర్ విప్పాక

ఆఖరి స్కాన్ కాగానే పంపు ఆపకుండా, మాధ్యమంతో సమానంగా కలిపిన 0.4 శాతం ట్రిపాన్ బ్లూను అదే దారిన పంపండి. ఐదు నిమిషాల తర్వాత మామూలు వెలుగులో చూసి, నీలంగా మారిన కణాలను లెక్కపెట్టండి, వాటి పిక్సెల్స్‌ను పటం నుంచి తీసేయండి. రంగు వేయని ప్రయోగంలో రంగు వాడే చోటు ఇదొక్కటే, అదీ కొలతలన్నీ ముగిశాకే. తర్వాత మరలు వదులు చేసి, విండోలను లాగకుండా పక్కకు జరిపి విడదీయండి. లాగితే మధ్యలోని నీటి పొర పట్టుకుని విండో పగులుతుంది. వెంటనే డిటర్జెంట్ నీళ్లలో వేయండి. ఎండిన ప్రొటీన్‌ను గీకి తీస్తే గీత మిగులుతుంది, వచ్చేసారి కణాలు ఆ గీత వెంటే వరుసగా అంటుకుంటాయి.